చింతపండుతో తోమిన తుపాకీ

తెల్లదొరలు వెళ్లిపోతూ తమ పిల్లల తుపాకుల్ని రంగూన్‌లో వదిలేసి పోయారు. పిట్టల్ని కొట్టే గాలి రైఫిళ్లు. బయటి సరుకు దేశంలోకి రాని ఆ రోజుల్లో కూడా పాతసామాన్ల కొట్లలో వాటి మొహం చూసేవాడు లేడు, మా నాన్న తప్ప. ఆయన రేవులో ఫిట్టరు. ఊరి చివర తాకేటా పేటలో, మా రెండు గదుల ఇంట్లో ఆరింటిని పోగేశాడు.

ఆయన తుపాకీని పరీక్షించడం చూడాలి. ముందు స్క్రూ తల మీది గాడిలో గోరు పెట్టేవాడు. అంచు చెదిరిందంటే ఎవడో విప్పాడన్నమాటే. తర్వాత కర్రా ఇనుమూ కలిసే చోట వేలితో తడిమేవాడు. కర్రని గీకి పాలిష్ పట్టి ఉంటే అక్కడ ఇనుము కంటే పల్లంగా తగులుతుందట. చివరికి గొట్టం మీది నలుపు. అసలు పూతైతే చేతులు పడిన చోట గోధుమ రంగుకి తిరుగుతుంది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి ఇవన్నీ ఎలా తెలుసో అని నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆరింటిలో ఒక్కటే ఆయన పరీక్షలన్నీ నెగ్గింది. దాని స్క్రూలు ఎవరూ ముట్టలేదు. ఆయన కూడా ముట్టలేదు.

నా పన్నెండో ఏట, సర్కారు దిగిపోవాలంటూ ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది. కాల్పులు జరిగాయి. సైన్యం గద్దెనెక్కింది. ఆయుధాలు దాచినవాళ్లని పట్టుకుపోతామని లౌడ్‌స్పీకర్లు వీధి వీధీ తిరిగాయి. నాన్న అయిదింటిని పజున్‌డౌంగ్ వాగులో పడేసి వచ్చాడు. పరీక్షలన్నీ నెగ్గిన ఆరోదాన్ని పడెయ్యడానికి చేతులు రాలేదు. గుడ్డ చుట్టి పనిముట్ల పెట్టె అడుగున పెట్టాడు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకి పనిముట్లు తోమడం ఎప్పుడూ నా వంతే.

"ఇనప సామానంతా తళతళలాడాలే," అంది అమ్మ.

నేను పెట్టె అడుగునున్న తుపాకీని కూడా బయటికి తీశాను. అది దొరికితే నాన్నని తీసుకుపోతారని భయం. పూజలో పెడితే దేవుడే కాపాడతాడనుకున్నాను. చింతపండూ బూడిదా వేసి, నలుపంతా పోయేదాకా చేతులు మండేలా తోమాను. పసుపు రాసి, కర్రకి కుంకుమ బొట్టు పెట్టి, సుత్తి పక్కన నిలబెట్టాను.

నాన్న పని నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవులు తోమారు?"

"నేనే నాన్నా."

ఆయన మొహం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఏడుపు ఆగలేదు. "గుంటకేటి తెల్సు, ఊరుకో," అంది అమ్మ ఆయనతో.

ఆయన తుపాకీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ తీసి, ఇన్నేళ్లూ ఎవర్నీ ముట్టనివ్వని స్క్రూని తిప్పాడు. కర్రనీ ఇనుమునీ విడదీశాడు.

"ఏడవకు. ఇలా రా, సూడు."

కర్ర కింద దాగిన ఇనుము, చేసిన నాటి పూత చెదరకుండా, నెమలి మెడలా నీలంగా ఉంది. నా చింతపండు అక్కడిదాకా పోలేదు. అంత అందమైన ఇనుము నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఏడుపు మర్చిపోయి వేలు పెట్టి ముట్టుకున్నాను.

"నేనూ ఇప్పుడే సూడ్డం," అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే దాన్ని కూడా వాగులో వేసి వచ్చాడు, కుంకుమ బొట్టుతోనే.