బురద మీద పరిచిన గడ్డి

నా చిన్నప్పుడు మా ఊరికి వచ్చిన ఏ ఆఫీసరు కాలికీ, ఒక్కరికి తప్ప, బురద అంటలేదు. మాది దివిసీమలో మురుగు కాలువ అవతలి చిన్న ఊరు. అవనిగడ్డ బస్సు ఎక్కాలంటే రెండు మైళ్ళు నల్లమట్టి బాటలో నడవాలి. వాన పడితే ఆ బాట మోకాలిదాకా దిగబడేది, ఎడ్లబండి కూడా కదిలేది కాదు. కానీ ఆఫీసరు వస్తున్నాడని కబురందితే చాలు, ఇంటికి ఇన్ని మోపులని గడ్డివాముల నుంచి లాగి బాట పొడుగునా పరిచేవారు. అది మా ఊరి మర్యాద. ఆయన దాని మీద మెత్తగా నడిచి వచ్చి, కొబ్బరిబోండం తాగి, దారి బాగానే ఉందని రాసుకుని వెళ్ళేవాడు.

1958 వానల్లో, పురిటికి పుట్టింటికి వచ్చిన మా మేనత్తకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని తన వల్ల కాదంది. ఆసుపత్రికని నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాలకెత్తుకున్నారు. సగం దారిలో ముందున్న ఇద్దరూ తొడలదాకా కూరుకుపోయారు. వాళ్ళను పైకి లాగి, మంచం మళ్ళీ ఎత్తేసరికి మేనత్త పోయింది. కడుపులో బిడ్డా పోయింది. ఆ రోజు ఎవరికీ గడ్డి గుర్తు రాలేదు. మా తాతయ్యకు కూడా రాలేదు.

మరుసటి ఏడు అక్టోబరులో, మేము రోడ్డు కోసం పెట్టుకున్న అర్జీ విచారించడానికి ఒక ఆఫీసరు వస్తున్నాడన్నారు. తేదీ సరిగ్గా గుర్తులేదు, గుర్తులేనిది రాయను. ముందురోజు సాయంత్రం మగవాళ్ళంతా ఎప్పటిలాగే గడ్డి పరిచి వచ్చారు. వాళ్ళలో తాతయ్యా ఉన్నాడు. బురద చూపించి రోడ్డు అడగాల్సినవాళ్ళు బురదను కప్పి వచ్చారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తెల్లవారగానే నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. మేనత్త పోయిన చోటికి వెళ్ళి, అక్కడ మాత్రమే, నాలుగైదు బారల మేర గడ్డి తీసి గట్టు మీద పడేసింది.

ఆఫీసరు కబుర్లు చెప్పుకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే మోకాలిదాకా దిగబడ్డాడు. ఒక చెప్పు ఆ బురదలోనే ఉండిపోయింది. మునసబుగారి అరుగు మీద కాళ్ళు కడుక్కుంటూ, నాలుగు కొంపలున్న ఊరికి రోడ్డు ఎవరు వేస్తారని, జనాభా చాలదని విసుక్కున్నాడు. గడ్డి తీసిందెవరో అప్పటికే అందరికీ తెలిసింది.

మునసబుగారు అరుగు కింద నిలబడ్డ నాయనమ్మ వైపు తిరిగి, "ఊరి పరువు బురదలో కలిపావు కదమ్మా" అన్నారు.

"పరువు కోసం పరిచిన గడ్డి నా కూతురికి పరిచారా మునసబుగారూ?" అంది నాయనమ్మ. తాతయ్య తల వంచుకున్నాడు. ఆమె ఆయన వైపు చూడనైనా లేదు. ఆఫీసరుతో, "జనం చాలరంటున్నారు కదండీ. రోడ్డు లేక ఇద్దరు తగ్గారండీ, మీ చెప్పు దిగబడిన చోటే. వాళ్ళని ఎందులో రాసుకుంటారు?" అంది.

ఆయన కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు. కొబ్బరిబోండం ముట్టలేదు. ఏం రాసుకున్నాడో మాకు తెలియదు. రోడ్డు మాత్రం 1970లో గానీ రాలేదు. పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ మంచాలు ఆ బాటనే వెళ్ళాయి. నాయనమ్మ గొడవ వల్లే ఆలస్యమైందని అనేవాళ్ళు చాలాకాలం ఉన్నారు. అంతకుముందు ఏళ్ళ తరబడి గడ్డి పరిస్తే ఏం వచ్చిందో వాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు నేనుండే వీధిలో డ్రైనేజీ పొంగుతుంది. చూడటానికి అధికారులు వస్తున్నారంటే చాలు, కుర్రాళ్ళు నీళ్ళలో ఇటుకలు వరసగా పేరుస్తారు. పెద్దవాళ్ళు వస్తున్నారు కదా మామ్మగారూ అంటారు. నాకు మోకాళ్ళు వంగవు. అయినా వాళ్ళు అటు వెళ్ళగానే కర్ర పట్టుకుని దిగి, ఒక్కొక్క ఇటుకా తీసి గట్టున పెడతాను.