గుంట కట్ట మీద పియానో

తోటపల్లి గూడూరు మండలం మొత్తంలో పియానో వాయించి రొయ్యల్ని నీళ్ళ పైకి రప్పించిన విద్వాంసుణ్ణి నేనొక్కణ్ణే. గుంటలో రొయ్యలన్నీ తలలెత్తి, మీసాలు ఆడిస్తూ కట్టవైపు చేరాయి. ఈ మాట టీ కొట్టు దగ్గర చెప్పినప్పుడు ఒకాయన గ్లాసు కింద పెట్టి చప్పట్లు కూడా కొట్టాడు. నేను వాయించింది నిజం. అవి పైకి వచ్చింది నిజం. మధ్యలో జరిగింది మాత్రం అక్కడ చెప్పలేదు.

పియానో అన్నాను గానీ, అది నాయుడుపేటలో ఆర్కెస్ట్రా మానేసిన ఒకాయన దగ్గర కొన్న పాత కీబోర్డు. మా గురువుగారిది మద్రాసు అని చెప్పుకుంటాను; నాకు ఫోనే గురువు. రిటైరయ్యాక అందులో ఒక రకం పియానో సంగీతం తగులుకుంది. నాలుగే స్వరాలు. అవే తిరిగి తిరిగి వస్తాయి, ఎక్కడో ఒకటి కాస్త ఆలస్యమవుతుంది, అంతే. స్వరానికీ స్వరానికీ మధ్య బోలెడంత ఖాళీ. వాయించడం సులువు; ఆ ఖాళీలో చెయ్యి పెట్టకుండా ఊరుకోవడమే కష్టం.

నేనుండేది మా చెల్లెలింట్లో. ఆమెకు ఇది బొత్తిగా పడదు.

"అదేం పాటన్నా? ఆ నాలుగు మెట్లే కొడతా ఉండావు. మిగతావి అమ్ముకున్నావా?"

అందుకే హెడ్‌ఫోన్లు.

ఆ రోజు మధ్యాహ్నం బావ, అంటే చెల్లెలి మొగుడు, కోవూరులో ఎవరో పోతే చూడ్డానికి బయల్దేరాడు. వాళ్ళ గుంటలో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి ఆ వారంలోనే. వరసగా జబ్బు తగిలి పంటలు పోయాక, చేతికొస్తున్న మొదటి పంట. పైగా ముసురు పట్టి ఎండ లేదు. ఎండ లేని రోజు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. ఏరియేటర్ల చక్రాలు నీళ్ళు చిలుకుతూ ఉంటేనే రొయ్య బతుకుతుంది.

"నువ్వేం చేయాల్సిన పన్లేదు బావా. ఆ చప్పుడు ఇంటా కూర్చో. ఆగిందా, జనరేటరు వెయ్. ఆలస్యమైతే గుంటంతా తేలిపోద్ది," అన్నాడు బండెక్కుతూ.

"నా చెవుల సంగతి నీకు తెలవదు బావా," అన్నాను.

కట్ట మీది షెడ్డులో కూర్చుని, బ్యాటరీల మీద నడిచే కీబోర్డు ముందు పెట్టుకున్నాను. చవక హెడ్‌ఫోన్లు కదా, ఏరియేటర్ల దబదబ వాటిలోకీ దూరుతోంది. స్వరం ఆగిన ప్రతి ఖాళీలోనూ అదే మోత. కాపలా కూడా అయిపోతోందిలే అని కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి వాయింపు మారింది. ఒక స్వరం వదిలితే, అది సన్నగిల్లి సన్నగిల్లి ఆరిపోవడం చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. అంత శుభ్రమైన ఖాళీ నా చేతుల్లో ఎన్నడూ పుట్టలేదు. ఈ వయసులో వేళ్ళకు పట్టు కుదిరిందని ఒళ్ళు పులకరించింది. పాట అయిపోతే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

ఎంతసేపని అడిగినవాళ్ళకు రెండు నిమిషాలంటాను. రెండు నిమిషాలు కాదు. పాట మళ్ళీ ఎత్తుకున్నది ఒక్కసారి కాదు.

ఎవరో హెడ్‌ఫోన్లు లాగేశారు. చెల్లెలు. ఇంట్లో ఫాను ఆగి, చెమటకు నిద్ర లేచి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఏమన్నా ఇనపడతా ఉండాదా?"

చెవి ఒగ్గాను. "ఏమీ లేదే!"

"అదే గదన్నా!"

కట్ట పొడుగునా కొంగలు దిగి ఉన్నాయి. నీళ్ళ అంచున ఎక్కడ చూసినా రొయ్యలు, నల్లటి కళ్ళు, మీసాలు. చెల్లెలు నీళ్ళలో చెయ్యి పెట్టినా బెదరడం లేదు.

జనరేటరు చేత్తో తిప్పాల్సిన రకం. ఆమె హ్యాండిలు తిప్పి వేగం అందుకోగానే నేను లివరు వదలాలి. తొందరలో ముందే వదిలాను. ఇంజను తుమ్మి ఊరుకుంది. మళ్ళీ తిప్పింది, ఈసారి ఆలస్యం చేశాను.

"తాళం తెలుసంటావే, ఇదేనా అన్నా!" ఆమె గొంతులో ఏడుపుంది. లివరు తను లాక్కుని హ్యాండిలు నాకిచ్చింది. భుజం ఊడి చేతికొస్తుందనుకున్నాను. నల్లటి పొగ వచ్చింది. చక్రాలు కదిలాయి.

రొయ్యలు మాత్రం కిందికి పోలేదు. కొన్ని పక్కకి ఒరిగి తేలాయి. చెల్లెలు ఫోన్ చేస్తే బావ ఉన్నపళంగా వెనక్కి వచ్చాడు. రాగానే కొంగల్ని చూశాడు.

"కరెంటు పోంగానే ఏసినారా?"

"మరుక్షణం బావా! అట్టా ఆగిందో లేదో, ఇట్టా లేచి..."

చెల్లెలు నావైపు చూడలేదు. హ్యాండిలు తిప్పి బొబ్బలెక్కిన అరచేతిని కొంగుతో అదుముకుంటోంది. నా మాట నోట్లోనే తెగింది.

"లేదు బావా. ఆగింది నాకు తెలవలా. నా వాయింపే బాగుపడిందనుకోని కూర్చోనుండా."

బావ షెడ్డులోకి పోయాడు. మేత తింటున్నాయో లేదో చూసే వల పళ్ళెంలో పిడికెడు మేత వేసి, తాడుతో నీళ్ళలోకి దించాడు. దెబ్బతిన్న రొయ్య మేత ముట్టదు. ముట్టకపోతే తెల్లారేసరికి దక్కదు. ముగ్గురం కట్టమీద కూర్చున్నాం. ఖాళీలంటే ఇష్టమని చెప్పుకు తిరిగేవాణ్ణి, ఆ ఖాళీకి మాత్రం ఓర్చుకోలేకపోయాను.

పళ్ళెం లేపాడు. మేత వేసింది వేసినట్టే ఉంది. మళ్ళీ దించాడు. చాలాసేపటికి లేపాడు. సగం లేదు.

"తింటా ఉండాయి," అన్నాడు. చెల్లెలు మొహం మోకాళ్ళలో దాచుకుంది. "రేపే పట్టేద్దాం. కొనేవాళ్ళకి ఫోన్ చెయ్," అని ఆమెతో అని, నావైపు తిరిగాడు.

"నువ్వు పోయి ఆ కొంగల్ని తోలు బావా. దానికి చెవులతో పన్లేదు."

చీకటి పడేదాకా చేతులూపుతూ కట్ట చుట్టూ తిరిగాను.