దిమ్మె మీద పడవ

మేడమ్ గారు గుండెపోటుతో పోయి నెల తిరక్కముందే కాలేజీ వాళ్ళు ఆవిడ పడవకు అడుగున కన్నాలు పెట్టి, గేటు ముందు సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించేశారు. సోలార్ పలకతో సహా బంగారు రంగు పూశారు. దీన్ని నివాళి అంటున్నారు. పాడుచేయడం అంటాను నేను.

ఆవిడ మచిలీపట్నంలో ఆ కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. నేను ఆవిడ స్టూడెంటును కాను. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. ఆ పని వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఒకసారి మేడమ్ ఏదో సర్క్యూట్ బోర్డు పట్టుకొచ్చి, నేను సోల్డరింగ్ చేస్తుంటే పక్కనే నిలబడి చూశారు. "అమ్మాయ్, ఆదివారం ఖాళీయేనా?" అన్నారు. ఇక అక్కణ్ణుంచి నా ఆదివారాలన్నీ కృత్తివెన్ను దగ్గర ఉప్పుటేటి మీదే.

మేడమ్ తయారుచేసిన, మనిషి ఎక్కని చిన్న పడవలు అవి, మూడు. నీళ్ళలో ఉప్పు, ఆక్సిజన్ కొలుస్తాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని అక్కడి పడవ పంపిన లెక్కలను నడిమి పడవ అందుకుని ఒడ్డు దగ్గరి పడవకు చేరుస్తుంది. అక్కణ్ణుంచి రొయ్యల రైతుల ఫోన్లకు మెసేజ్ వెళ్తుంది. నీళ్ళు బాగున్నాయంటేనే వాళ్ళు చెరువుల్లోకి తోడుకుంటారు.

మొదటిసారి పడవను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే కండక్టర్, "పడవ ఉండగా బస్సెందుకండీ మీకు?" అన్నాడు. "దానికింకా ఈత రాదండీ" అన్నారు మేడమ్. ఏటి ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన, "మనిషి లేకుండా తిరుగుద్దా? దెయ్యమేమో చూసుకోండమ్మా" అన్నాడు. "దెయ్యమైతే చేపలడుగుద్ది మావయ్యా, ఇది అడగదు" అన్నారు. ఆ తర్వాత పడవ నాచులో చిక్కుకున్నప్పుడల్లా ఆ పెద్దాయనే దిగి విడిపించేవాడు.

మీటరు చూసేముందు ఎప్పుడూ ఏటి నీళ్ళు వేలితో నాలిక్కి రాసుకునేవారు. ఎందుకండీ అంటే, "మీటరూ నాలికా రెండూ ఒకేసారి పాడవ్వవు కదే" అనేవారు. నాకు చదువు లేదండీ అని ఓసారి నసిగితే, "చదువు సంగతి తర్వాత, ముందు ఆ వైరు పట్టుకో" అన్నారు. నాతో అలా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు.

దిమ్మె ఎక్కించింది నడిమి పడవను. ప్రిన్సిపాల్ గారిని వెళ్ళి అడిగాను. "ఉన్నవాటిలో అదే బాగుందమ్మా. ఆవిడకి పాతది పెడితే మర్యాదగా ఉంటుందా?" అన్నారు. బాగున్నది కాబట్టే అది నీళ్ళలో ఉండాలండీ. మొగ దగ్గరి పడవ ఇప్పటికీ ఎండకు బ్యాటరీ నింపుకుని లెక్కలు పంపుతూనే ఉంది. అందుకునే దిక్కు లేదు.

పున్నమి పోటు వస్తోంది. రైతులు ఇంజన్లు వేసి నీళ్ళు తోడతారు, ఈసారి గుడ్డిగా. చెడ్డ నీళ్ళు పడితే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. అందుకే ప్రిన్సిపాల్ గారికి, ఇది చదివే మీ అందరి ముందూ చెబుతున్నాను. పడవ దించి ఇవ్వండి. కన్నాలు నేను పూడ్చుకుంటాను, రంగు నేను గీక్కుంటాను. దిమ్మె మీద ఆవిడ ఫోటో పెట్టుకోండి. ఇస్తారో ఇవ్వరో శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి. చెప్పకపోతే శనివారం పొద్దున, పిల్లలంతా కాలేజీకి వచ్చే వేళకు, స్పానర్ పట్టుకుని నేనే వస్తాను.