పులుపు మింగేసిన ఉప్పు

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ పట్టా చేతికొస్తే కుర్రాళ్లకి కొమ్ములు మొలిచేవి. నాకు కాస్త పొడుగ్గానే మొలిచాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖపట్నంలో నీళ్లు పరీక్షించే ఓ ప్రైవేటు ల్యాబులో చేరాను. నీటిలో ఏ రసాయనం నలుసంత ఉన్నా పట్టేసే మాస్ స్పెక్ట్రోమీటర్ అప్పుడే అక్కడికి వచ్చింది. దాన్ని కొత్త అల్లుడిలా చూసుకునేవాళ్లం (దాని గదికి ఏసీ, మాకు ఫ్యాను). అది చెప్పిందే వేదం.

ఊరవతల ఓ మందుల ఫ్యాక్టరీ గెడ్డలోకి (వాగుని అక్కడ అలాగే అంటారు) మురుగు వదులుతోందని, చేపలు చస్తున్నాయని జాలర్లు ఫిర్యాదు చేశారు. ఆ నీళ్లు నా చేతికొచ్చాయి. మడి కట్టుకున్నంత నిష్ఠగా, శుద్ధమైన నీటిలో ఆ ఫ్యాక్టరీ తయారుచేసే మందును కొలిచి కలిపి, దాంతో గెడ్డనీటిని పోల్చాను. మెషీన్ ఏమీ లేదన్నట్టే చూపించింది. ‘పరిమితి లోపే’ అని రాసి, మా పెద్దసారు బల్లమీద పెట్టాను. (అంకెలకన్నా కామాలు ఎక్కువ దిద్దుతారని ఆయన్ని కామా మాస్టారు అనేవాళ్లం.) సాయంత్రం నాలుగింటికి ఆయన సంతకం పడితే జాలర్ల ఫిర్యాదు చెత్తబుట్టలోకే.

మధ్యాహ్నం మెస్సుకెళ్లాను. అది నడిపే ఆవిణ్ణి అందరం పిన్నీ అనేవాళ్లం. ఆ గెడ్డ సముద్రంలో కలిసేచోట వలలు వేసేది ఆవిడ తమ్ముళ్లే.

“మా గెడ్డ నీల్లు ఏటయ్యాయి బాబూ?”

“ఏం లేదు పిన్నీ. మెషీన్‌లో చూశాను.”

“మా తమ్ముడోల్లు సచ్చిన సేపలు గంపల్తో ఎత్తి పారేత్తన్నారు. నీ మిషినికి ముక్కు నేదేటి?”

నాకు ఒళ్లు మండింది. “ముందు నీ పులుసులో ఉప్పు చూసుకో, చప్పగా ఏడిచింది,” అన్నాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. చిటికెడు ఉప్పు పులుసులో వేసి, కలిపి, రుచి చూసింది. ఇంకో చిటికెడు వేసింది. “ఏసిన ఉప్పు కూడా తెల్డం నేదు. సింతపండు ఎక్కువైపోనాది, ఆ పులుపు మింగేత్తంది. నీ నాలిక్కి తెలీనేదని ఉప్పే నేదంతావేటి? ఏసిందెంత, తెలిసిందెంత, సూసుకోవద్దా?”

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. గెడ్డనీటిలోని ఉప్పూ సబ్బూ మడ్డీ కలిసి నా మెషీన్ నోరు నొక్కేస్తే? నేను పోల్చింది వట్టి నీళ్లతో! (పరీక్షించే నీటిలోనే మందు కొలిచి కలిపి చూడాలి; స్టాండర్డ్ అడిషన్ అనే ఈ పద్ధతి మీదే పరీక్షలో పది మార్కుల జవాబు రాసిన ఘనుణ్ణి.) చెయ్యి సగం కడుక్కుని పరుగెత్తాను.

గెడ్డనీటినే నాలుగు సీసాల్లో పోశాను. ఒకదాన్ని అలాగే ఉంచి, మిగతా మూడింటిలో ఆ మందును కొలిచి, కొంచెం కొంచెం పెంచుతూ వేశాను. చెంచాడు వేస్తే మెషీన్ చిటికెడు చూపించింది! మురుగు ఎంత మింగేస్తోందో తేలిపోయింది. ఆ తేడా సరిచేసి లెక్క కడితే గెడ్డలో ఉన్నది పరిమితికి ఎన్నో రెట్లు. కామా మాస్టారు పెన్ను మూత తీస్తుండగా వెళ్లి పాత కాగితం లాగేసుకుని, కొత్త లెక్క ముందు పెట్టాను. మళ్లీ చేసి చూపించమన్నారు. చేశాను. అదే అంకె వచ్చింది. ఆయన ఒక్క కామా కూడా దిద్దకుండా సంతకం పెట్టి, “ఎలా తట్టిందోయ్?” అన్నారు.

“ఆలోచిస్తే తట్టింది సార్,” అన్నాను, సిగ్గులేకుండా.

నెల తిరక్కుండా అధికారులొచ్చి ఫ్యాక్టరీ మురుగు గొట్టం మూయించారు. ఆ రోజు మెస్సులో నా గర్వం పట్టడానికి చోటు చాల్లేదు. “మా బాబే కనిపెట్టినాడు, సదూకున్నోడు!” అని పిన్ని అందరికీ చాటి, చేప తలకాయ ముక్క నా కంచంలో వేసింది. న్యాయంగా అది ఆవిడకి దక్కాల్సిన ముక్క. ‘నువ్వు చెప్పిందే కదా పిన్నీ’ అన్న మాట గొంతుదాకా వచ్చింది గానీ, నోటినిండా అన్నం ఉంది. ఇన్నేళ్లకి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ వెధవ, అంత ఇష్టంగా తింటున్నాడు, చెయ్యి రాదు.