రిసెప్షన్‌లో పాలసముద్రం

ఆ రోజుల్లో, అంటే నేనింకా ఎవరికీ అమ్మను కాని రోజుల్లో, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన అమ్మాయి చేతిలో పడితే ఎలాంటి ద్రవమైనా బుద్ధిగా మాట వింటుందని నమ్మేదాన్ని. (ఇప్పుడు పాప నోట్లోకి ఒక చుక్క మందు వెళ్ళేలోపు మిగతా చుక్కలన్నీ నా నైటీ మీదే ఉంటున్నాయి.) ఆ నమ్మకంతోనే సర్జాపుర రోడ్డులో, కొత్త విల్లాలకు ఇంటీరియర్స్ చేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. నా చదువుకు తగిన పని అక్కడ ఒక్కటే ఉందని మా సార్ మొదటి వారంలోనే కనిపెట్టేశారు. "మీరు కెమిస్ట్రీ కదా? రిసెప్షన్‌లో ట్యాంకు మీరు చూసుకోండి."

ఆ గాజు ట్యాంకు నిండా ఉప్పునీళ్ళు. అందులో రెండు నారింజరంగు చేపలు, ఆకుపచ్చ వేళ్ళు ఊపుతూ ఒక పగడం. పగడమంటే ఉంగరంలో పెట్టుకునేదే అనుకున్న నాకు, అది ప్రాణమున్న జీవి అనీ, నీళ్ళలోంచి కాల్షియం తీసుకుని తన గూడు తనే కట్టుకుంటుందనీ అప్పుడే తెలిసింది. అలాగని కాల్షియం ఒక్కటి ఇస్తే ఊరుకోదు. ఆల్కలినిటీ అని, నీళ్ళకు క్షారగుణం కూడా సరిపడా ఉండాలి. ఒకటి పెంచితే రెండోది అలుగుతుంది, దాన్ని బుజ్జగిస్తే మొదటిది మూతి ముడుస్తుంది. తోటివాళ్ళంతా కంప్యూటర్లలో పడకగదులు గీస్తుంటే, నేను రోజూ పొద్దున్నే చిన్న గొట్టంలో ఆ నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగు ఎప్పుడు మారుతుందా అని కళ్ళప్పగించి చూసేదాన్ని. సార్‌కి ఆ పగడం కన్నబిడ్డతో సమానం. (కన్నబిడ్డ ఏ క్లాసు చదువుతోందో మాత్రం ఇంటికి ఫోన్ చేసి కనుక్కునేవారు.) "అది బాగుంటే మీ ఉద్యోగం కన్ఫర్మేషన్ కూడా బాగుంటుంది" అని ఓసారి నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో నేను బొమ్మనహళ్ళిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెద్దమ్మ పులుసు పెట్టే పద్ధతి ఇది: పులుపెక్కువైతే బెల్లం, తీపెక్కువైతే ఉప్పు, ఉప్పెక్కువైతే నీళ్ళు. ఇంటికని మొదలైన పులుసు పొయ్యి దిగేసరికి వీధికంతా సరిపోయేది. ఎన్ని డిగ్రీలు చదివినా నా చేతికి వచ్చిన విద్య అదేనని ఆ ట్యాంకు దగ్గర తెలిసింది.

ఒకరోజు పొద్దున చూస్తే రెండు అంకెలూ తక్కువే. ఆవేళే సార్ చందాపుర నుంచి పెద్ద కస్టమర్‌ని తీసుకొస్తున్నారు. ఒకటి పోశాక కొన్ని గంటలు ఆగి రెండోది పొయ్యాలని, వాటిని పెంచే మందుల సీసాల మీద స్పష్టంగా రాసుంది. ఆగే ఓపిక నాకెక్కడిది? కంగారులో పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"రెండూ తక్కువున్నాయి పెద్దమ్మా."

"అట్లయితే రెండూ ఏసేయ్ మే. దానికింత ఆలోచనేల సుమ్నే, ఊరికే?"

"ఇది పులుసు కాదు పెద్దమ్మా, చేపల ట్యాంకు."

"చేపల పులుసైనా అంతే మే!"

ఎమ్మెస్సీ ఓడిపోయింది. పెద్దమ్మ గెలిచింది. రెండు సీసాలూ ఒకే మూల వంచేశాను. కాల్షియం, క్షారం ఒకదాన్నొకటి వాటేసుకుని అక్కడికక్కడే సుద్దపొడిగా మారాయి. ట్యాంకంతా తెల్లగా విరిగింది. చేపలు మాయం, పగడం మాయం. గొట్టం తీసి మళ్ళీ పరీక్ష చేస్తే, పెరగాల్సిన రెండు అంకెలూ కలిసికట్టుగా ఇంకా కిందికి దిగాయి. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

సార్ మొహం కూడా నీళ్ళ రంగుకే తిరిగింది. ఆయన నోరు తెరిచేలోపే కస్టమర్ చేతులు జోడించాడు. "ఏమప్పా ఇది! పాలసముద్రం మాదిరి ఉండాది! మా ఇంట్లోనూ ఇట్లాంటిదే పెట్టల్ల. మధ్యలో స్వామిని పండబెడదాం."

సార్ చటుక్కున నవ్వు తగిలించుకున్నారు. "మా స్పెషల్ డిజైన్ సార్. ఈవిడే చేశారు."

నా జీవితంలో నాకు దక్కిన మొట్టమొదటి వృత్తిపరమైన ప్రశంస అది.

వాళ్ళు వెళ్ళాక నీళ్ళు మార్చాం. సుద్ద రవ్వలా అడుక్కి దిగింది. చేపలు ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి గానీ, పగడం వేళ్ళన్నీ లోపలికి లాక్కుని ఎండిన గోంగూర కట్టలా ముడుచుకుపోయింది. రోజులు గడిచినా తెరుచుకోలేదు. ఈసారి సీసాల మీద రాసినట్టే, ఒకటి పోసి, ఆగి, రెండోది పోస్తూ వచ్చాను. మధ్యాహ్నం డబ్బాలో అన్నం దాని ముందే కూర్చుని తినేదాన్ని. పోతే ఉద్యోగం పోనీ, ఇది బతికితే చాలని మొక్కుకున్నాను. (ఏ దేవుడికి మొక్కాలో తెలియక, పాలసముద్రంలో ఉండే ఆయనకే మొక్కాను.) చివరికి ఒక పొద్దున ఒక్క పచ్చని వేలు, అలిగిన పిల్ల దుప్పట్లోంచి తొంగిచూసినట్టు, బయటికి వచ్చింది.

ఆవేళే కస్టమర్ తన భార్యని వెంటబెట్టుకొచ్చాడు. "పాలేవప్పా?"

సార్ నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "ఒక్కసారి... ఆ రెండూ కలపండి."

"కలపను సార్."

"ఐదు నిమిషాలే. మళ్ళీ నీళ్ళు మార్చేద్దాం."

"ఇప్పుడే తెరుచుకుంటోంది. మళ్ళీ కలిపితే చచ్చిపోతుంది. కలపను." ట్యాంకుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాను.

కస్టమర్ భార్య నన్ను పక్కకి జరిపి, గాజుకి ముక్కు ఆనించి చూసింది. "అయ్యో, వేలు ఊపతా ఉండాది చూడు! పాలు పోస్తే ఇది యాడ కనపడతాదప్పా? మాకు పాలూ వద్దు, పెరుగూ వద్దు. ఇదే పెట్టండి."

ఆర్డరు నిలబడింది. నా కన్ఫర్మేషన్ మూడు నెలలు వాయిదా పడింది, 'ప్రవర్తన' కారణంగా. ట్యాంకు బాధ్యత మాత్రం ఆ రోజే శాశ్వతమైపోయింది.

ఇప్పుడు పాప పక్కన పడుకుని ఉంది. ఎన్నిసార్లు పక్క తడిపింది, ఎన్ని పాలు తాగింది, అన్నీ అదే శ్రద్ధతో చూస్తున్నాను. అపార్ట్‌మెంటులో అందరిదీ తలో సలహా. పై ఫ్లోర్ ఆంటీ పాలలో తేనె కలపమంటుంది, ఎదురింటావిడ ఏదో పొడి కలపమంటుంది, పెద్దమ్మ ఫోన్ చేసి "వామునీళ్ళు కలిపి తాపు మే" అంటుంది. డాక్టరు ఏదీ వద్దన్నా, వీళ్ళందరికీ నేను "సరేనండీ" అంటాను. ఆపైన నిద్రపట్టక ఇలా రాస్తూ కూర్చుంటాను.

ఉద్యోగం గాలిలో ఉన్నా చేతులు చాచి నిలబడిన ఆ పిల్ల ఎటు పోయిందోనని నవ్వొస్తుంది. పొద్దున లిఫ్టులో ఆంటీ తేనెసీసాతో ఎదురైనప్పుడు ఆ పిల్ల ఒక్క క్షణం వచ్చిపోతే బావుండు. ఎక్కువేం మాట్లాడక్కర్లేదు. "కలపను" అంటే చాలు.