రూబీ పోర్టు వెంట నల్లమాడకు

"పిల్లోళ్ళ మొగాల్లో రక్తమే లేదు. నీ మొగుడు తెచ్చిన ద్రాక్ష మందు ఉండాదిలే, సాయంత్రం నుంచి తాపుతా" అంది మా అత్త ఫోన్లో. ఉదయం పది గంటలు. దసరా సెలవులకు పిల్లలిద్దరినీ నల్లమాడలో ఆమె దగ్గర వదిలాం. మేమెవరమూ ద్రాక్ష మందు కొనలేదు. అదేం మందో అడిగేలోపు ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఫోను చార్జింగుకు పెట్టి చేనికి పోవడం ఆమెకు అలవాటు.

మా ఆయన పేపరు మడిచి నిజం చెప్పాడు. స్నేహితుడు గోవా నుంచి తెచ్చిచ్చిన రూబీ పోర్టు అనే ద్రాక్ష వైను సీసాను, నా కంట పడకుండా వాళ్ళమ్మ బీరువాలో దాచాడట. ఇదేందని ఆమె అడిగితే "మందు" అన్నాడట.

"అబద్ధమైతే చెప్పలేదు కదా!" అన్నాడు పైగా. సీసా మీద ద్రాక్షగుత్తి బొమ్మ. ఇంక ఆమెకు అనుమానమెందుకొస్తుంది?

పదకొండుకు అనంతపురంలో కదిరి బస్సెక్కాం. నాది ఆడవాళ్ళ ఉచిత టిక్కెట్టు, ఆయన డబ్బులిచ్చి కొన్నాడు. ఆ రోజు జరిగిన న్యాయం అదొక్కటే.

బత్తలపల్లి దాటాక ఆయనకు ధైర్యమొచ్చి పాఠం మొదలుపెట్టాడు. ద్రాక్షరసం సగం పులిసేసరికి అందులో ద్రాక్ష సారాయి పోస్తారట. పులియడం ఆగిపోయి తీపి మిగిలిపోతుంది, మత్తు పెరుగుతుంది. గాలి తగలకుండా పెద్ద తొట్లలో ఉంచితే ఎర్రగా ఉండే రూబీ. చిన్న చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచితే గోధుమరంగు టానీ. పూర్తిగా పులిశాక సారాయి పోస్తే షెర్రీ, అందులో తీపి తక్కువ. మదీరా అనేదాన్ని కావాలనే వేడిలో పెడతారట.

ముందు సీట్లో పట్టుచీరల మూట ఒళ్ళో పెట్టుకున్న ధర్మవరం పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"వేడే కావల్లంటే ఈ బస్సులో పెడితే సాలదా అన్నా? ఇంతకీ ఇది వైన్ షాపులో అమ్మేదేనా?"

"అక్కడ బ్రాందీ, విస్కీ అమ్ముతారు పెద్దాయనా."

"మరి బోర్డు మీద వైన్ అని ఎందుకు రాసినారప్పా?"

మా పండితుడు కిటికీలోంచి ఎండిన వేరుశనగ చేలను చూడసాగాడు.

ఒకటిన్నరకు కదిరి. ఆయన రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తిన్నాడు. నేను అత్తకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూ నిలబడ్డాను. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట: నల్లమాడ బస్సు కోసం కూర్చోకండి, ఆటో మాట్లాడుకోండి.

మేము ఆటోలో చేరేసరికి పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు. ఇద్దరి నోళ్ళూ వాసన చూశాను. బెల్లం, వేరుశనగ పప్పు, అంతే. లోపల మంచం మీద మా అత్త, పక్కన సగమైన సీసా.

"పిల్లోళ్ళకిచ్చే ముందు నేను రుచి సూడొద్దా? మోకాళ్ళ నొప్పి యాడికి పోయిందో! ఇంగొక సీసా తేప్పా."

"అత్తా, అది సారాయి."

"మందన్నాడు గదే వీడు!"

"ఆ మందే."

ఆమె కొడుకు మీదికి తిరిగింది. "తాగుబోతునాయాలా, కన్నతల్లికే తాపినావా!" అని చీపురు కోసం లేవబోయి, లేవలేక నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మిగిలినది పెరట్లో పోసేశాను.

సాయంత్రం బస్సులో పిల్లలిద్దరూ నా మీదే వాలి నిద్రపోయారు. రూబీ పోర్టు గురించి నాకు అర్థమైంది ఇంతే: ముందు తీపి తెలుస్తుంది, సారాయి సంగతి తర్వాత తెలుస్తుంది. పెళ్ళిచూపుల్లో మా ఆయన కూడా అంతే.

మరునాడు పొద్దున పాలగ్లాసులు చేతికిచ్చి పిల్లలకు చెప్పాను: "మందని ఎవరిచ్చినా, మీ నాయన ఇచ్చినా సరే, ఏ మందని అడగండి. చెప్పలేదంటే మూతి బిగించుకుని నా దగ్గరికి పరిగెత్తండి."