గండి బండల మీద ఎడమ పాదం

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో ముప్ఫై ఏళ్లుగా చీరలు విప్పి చూపిస్తున్నాను. చీరతో పాటు ఒక కథ కూడా విప్పుతాను. మైలవరం డ్యాములో నేను పట్టిన చేప వెన్నెముకే మా అత్తగారి ఎద్దుల కొట్టానికి దూలమైందని ఎందరికి చెప్పానో! నమ్మినవాళ్లు లేరు, వినకుండా లేచిపోయినవాళ్లూ లేరు. ఒక్క నియమం మాత్రం తప్పలేదు. కథకు ఒట్టు వేయను. ఎవరైనా "ఒట్టా?" అంటే మాట మార్చేస్తాను.

నొప్పి మొదట అంగడి నుంచి ఇంటికి పోయే దారిలో వచ్చింది. సగం దూరం నడిచేసరికి ఎడమ పిక్కను ఎవరో తడిగుడ్డలా పిండుతున్నారు. నిలబడి బీడీ ముట్టిస్తే, అది అయ్యేలోపు పోతుంది. మరునాడు మళ్లీ అదే కరెంటు స్తంభం దగ్గర. నెల తిరిగేసరికి స్తంభం దాకా కూడా పోలేకపోయాను. దానికి ముందున్న టీ అంగడి దగ్గరే నిలవాల్సి వచ్చేది.

మా ఊరి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన భార్య మా అంగడిలోనే చీరలు కొంటుంది, ఆయన పక్కన కూర్చుని నా కథలు వింటాడు.

"ఏమప్పా, ఈ పొద్దు చేపనా, మొసలినా?"

"కాలు సార్. నడిస్తే పిక్కకు కొండచిలువ చుట్టుకున్నట్టు బిగుస్తాంది."

"కొండచిలువా! ఎన్ని మూరలుంటాది?" ఆయన నవ్వాడు, కాంపౌండరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నేను చేసిన తప్పు.

"ఇప్పుడుందా నొప్పి?"

"ఇప్పుడు ల్యాదు సార్. గంటసేపు బెంచీ మీద కూసున్నా గదా."

"దినమంతా నిలబడే పని నీది. నడుము నరం అదుముకున్యాది, అంతే." మాత్రలు రాసిచ్చాడు. కాలు ముట్టుకోలేదు.

మాత్రలతో ఏమీ తగ్గలేదు. జమ్మలమడుగులో అత్తగారింటికి పోయినప్పుడు అక్కడ ఇంకొక డాక్టరుకు చూపించాను. కొండచిలువను ఇంట్లోనే వదిలి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"నడువు, చూద్దాం" అన్నాడు. గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఎనిమిది అడుగులు. పెళ్లికొడుకులా నడిచాను.

"బాగనే నడుస్తాండావే!"

"నూరడుగులు దాటితే వస్తాది సార్. బయట నాలుగు చుట్లు తిరిగొస్తా, అప్పుడు చూడండి."

"ప్రదక్షిణాలు గుళ్లో చేసుకో అప్పా. ఎనకాల జనం ఉండారు." నరాల బలానికని సూదులు రాశాడు.

ఆ తర్వాత ఎడమ పాదం మీద వెంట్రుకలు రాలిపోయాయి. గోళ్లు పెరగడం మానేశాయి. "ఒక కాలికి గోళ్లు తీసే పని తప్పింది" అని అంగడిలో అందరినీ నవ్వించాను. కానీ స్నానం చేసేటప్పుడు ఆ పాదం వైపు చూడడం మానేశాను. అది నాది కానట్టు, ఎవరో తెచ్చి తగిలించినట్టు ఉండేది.

శ్రావణ శనివారం నాడు నేనూ నా భార్యా గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయాం. ఆమె వరసకు నాకు అక్క కూతురు, చిన్నప్పటి నుంచీ మామా అనే పిలుస్తుంది. పొద్దున లేచినప్పటి నుంచీ ఎడమ పాదం తిమ్మిరెక్కి ఉంది, ఆమెకు చెప్పలేదు. మధ్యాహ్నానికి గుడి ముందు బండలు పెనంలా కాలిపోతున్నాయి. జనమంతా ఎగురుతున్నారు. నా కుడికాలు కూడా ఎగురుతోంది. ఎడమకాలు మాత్రం బండను ఆనుకుని ఊరికే ఉంది.

"నీకు పాదాలు కాలడంల్యాదా నాయనా?" అని ఒక అవ్వ అడిగింది.

నా నోరు ఊరుకుంటుందా! "స్వామి నా పాదం కింద చెయ్యి పెట్టినాడవ్వా" అన్నాను. నలుగురు దండం పెట్టారు. ఒకాయన ఆ పాదాన్నే ముట్టి కళ్లకద్దుకున్నాడు. ఆయన వేళ్లు తగిలినట్టే నాకు తెలియలేదు.

నీడకు పోయి కూర్చుని పాదం తిప్పి చూశాను. అరికాలంతా బొబ్బ. చుట్టూ చర్మం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నొప్పి లేదు. నొప్పి కోసం గిల్లుకున్నాను. రాలేదు.

నా భార్య చూసింది. "మామా, ఇది గూడా కతేనా?"

"కాదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

ఆమె ముఖం మారిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి పులివెందులకు తీసుకుపోయింది. అక్కడ ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ బొబ్బ చూసి, "కాలింది, మందు రాస్తాను" అంది. నేను నోరు తెరిచాను.

"నువ్వు మాట్లాడొద్దు మామా" అని నా భార్య డాక్టరమ్మ చెయ్యి లాక్కుని ముందు నా కుడి పాదం మీద, తర్వాత ఎడమ పాదం మీద పెట్టింది.

"ఏందమ్మా ఇది, చెయ్యి వదులు!" అన్న డాక్టరమ్మ, మంచులా చల్లబడిన ఎడమ పాదం మీదున్న చెయ్యి మాత్రం తీయలేదు. వేళ్లతో పాదం మీద, చీలమండ వెనక, మోకాలి వెనక, తొడ మొదట్లో నాడి కోసం వెతికింది. ఒక చిన్న మిషను తెచ్చి ఆనించింది. కుడి పాదంలో రక్తం గుప్పు గుప్పుమని వినిపించింది. ఎడమ పాదంలో ఏమీ లేదు. నేను మాట్లాడుతుంటే జనం నిశ్శబ్దంగా వినడం నాకు అలవాటే. ఇది ఆ నిశ్శబ్దం కాదు.

"తిమ్మిరి ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి."

"నాళంలో రక్తం గడ్డకట్టింది. ఇప్పుడే తిరుపతికి పోవాల. ఆలస్యమైతే కాలు తీసేస్తారు."

అంబులెన్సులో దారంతా నా నాలుక మీద ఒకే ప్రశ్న ఉంది, కాలు మోకాలి కింద తీస్తారా, పైనా అని. అడగడానికి ధైర్యం చాలలేదు. నా భార్య ఆ చల్లని పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చీర కొంగు చుట్టింది.

కాలు దక్కింది. రెండు వేళ్లు పోయాయి. బీడీ మానేశాను. కథలు మానలేదు.

మొన్న మా ఊరి డాక్టరు భార్యతో చీరలకు వచ్చి నా పాదం చూశాడు. "ఏమప్పా, రెండు వేళ్లు మొసలికి పెట్టినావా?" అన్నాడు. నేను నవ్వలేదు. జరిగింది చెప్పాను, చివర ఒట్టు కూడా వేశాను. ఆయన చీరల మధ్యనే కింద కూర్చుని నా పాదం మీద తన రెండు వేళ్లు ఆనించి నాడి వెతకసాగాడు. రోజూ పొద్దున మంచం దిగకముందు నేను వెతుక్కునే చోటే అది.

"దొరికిందా సార్?" అన్నాను. "ఉంది" అని ఆయన అనేదాకా ఊపిరి తీయలేదు.